ఫోన్ల చలివేంద్రం

త్రికోటేశ్వరరావు నోరు ఊరుకోదు. ఆ సంగతి బండలదిన్నె మునిసిపల్ ఆఫీసులో గోడలకు కూడా తెలుసు. ఒక ఆగస్టు పదిహేనున జెండా ముడి బిగుసుకుని ఎంత లాగినా విచ్చుకోకపోతే, అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ నిశ్శబ్దంలో, "దరఖాస్తు పెట్టుకున్నారా సార్" అన్నాడు. ఇంక్రిమెంటు ఆగిపోయింది. అప్పట్నుంచీ వాళ్ళావిడ రోజూ క్యారేజీతోపాటు ఒక మాట కూడా కట్టి పంపేది: "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు జాగ్రత్త."

ఈ ఏడు ఆయన నిజంగానే జాగ్రత్తగా ఉన్నాడు. మేనేజరు కుర్చీ ఖాళీ అయింది. సీనియర్ అసిస్టెంటుగా ఆ కుర్చీ తనదే కావాలి. ఫైలు కమిషనర్ ప్రభంజనరావు గారి బల్లమీద ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఏదైనా అనాలని నాలిక దురద పెడితే, లేచి బస్టాండు దగ్గరి మునిసిపల్ చలివేంద్రానికి పోయి, మీరాబీ చేత కుండలోవి రెండు గ్లాసులు నీళ్ళు పోయించుకుని, ఆ అనాల్సినదేదో ఆమెతో అనేసి వచ్చేవాడు. మీరాబీ ఏళ్ళ తరబడి ప్రతి ఎండాకాలం ఆ తాటాకు పందిరి కింద కూర్చుని వచ్చినవాళ్ళకల్లా నీళ్ళు పోస్తోంది. ఆయన మాటలకు నవ్వేది, ఎవరికీ చెప్పేది కాదు. అలా ఫైలు క్షేమంగా ఉంది.

అసలు గొడవంతా చెత్తతో మొదలైంది. పై ఆఫీసువాళ్ళు గోడంత టీవీ ఒకటి కొన్నారు. అన్ని ఊళ్ళ పారిశుద్ధ్య సిబ్బంది ఫోన్లలో తీసి పంపే చెత్తకుప్పల ఫోటోలూ అందులో వేసుకుని చూడటం మొదలుపెట్టారు. బండలదిన్నె కుప్ప మసకగా కనపడింది. వెంటనే ఉత్తర్వు వచ్చింది: "మీ చెత్తయందు స్పష్టత లోపించినది. తక్షణమే రిజల్యూషన్ పెంచి పంపవలెను."

మునిసిపాలిటీలో రిజల్యూషన్ అనే మాటకు ఒక్కటే అర్థం. కౌన్సిలు కూర్చుని చేతులెత్తి చేసే తీర్మానం. ఉత్తర్వు కౌన్సిల్ ముందు పెట్టారు.

"పెంచుదాం, దానికేముంది. ఎంతకి పెంచుదాం?" అన్నాడు ఒక సభ్యుడు.

"జిల్లాలో ఏ ఊరికీ లేనంతకి పెంచండి. మనం ఎవరికన్నా తక్కువ తిన్నామా?" అన్నాడు ఇంకొకాయన.

బల్లలు చరిచారు. ఏకగ్రీవం. ఈ ఊరి ఫోన్ల రిజల్యూషన్ జిల్లాలోకెల్లా హెచ్చుగా ఉండవలెనని రిజల్యూషన్ అయిపోయింది. పక్క మునిసిపాలిటీకి ఈ సంగతి తెలిసి వాళ్ళు ఇంకాస్త ఎక్కువకి చేశారు. మనవాళ్ళు అత్యవసర సమావేశం పెట్టి దాన్ని దాటించారు. చివరికి అంత రిజల్యూషన్ ఉన్న డిస్‌ప్లే ఎక్కడుందో వెతికి, దాన్ని లాగగలిగే ప్రాసెసర్ ఎక్కడుందో వెతికి, పారిశుద్ధ్య సిబ్బంది మొత్తానికీ కొత్త ఫోన్లు తెప్పించారు.

ఫోన్లు అద్భుతం. కుప్పలో పడున్న షాంపూ ప్యాకెట్టు మీద ధర కూడా చదువుకోవచ్చు. పై ఆఫీసు మెచ్చుకుంది. అంత స్పష్టంగా పడుతున్న కుప్పని ఎత్తేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అయితే తెల్లారుజామున వెలుతురు చాలడం లేదని, అప్పటిదాకా పొద్దెక్కకముందే ఊడ్చి ఇంటికి పోయే ఆడవాళ్ళ పనివేళల్ని మిట్టమధ్యాహ్నానికి మార్చారు.

బండలదిన్నె నాపరాళ్ళ నేల. కింద బండ, పైన బండ, ఇళ్ళ కప్పులు బండలే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈ ఊళ్ళో రోళ్ళు అంతకుముందే పగిలిపోతాయి కాబట్టి రోహిణికి ఇక్కడ పనుండదు. అలాంటి ఎండలో ఫోను తీసి ఒక్క ఫోటో కొట్టగానే చెయ్యి చురుక్కుమనేది. రెండో ఫోటోకి 'చల్లబడేవరకు ఆగండి' అని చూపించి తెర నల్లబడేది. పై ఆఫీసు గోడ మీద బండలదిన్నె గడి ఖాళీగా కనపడసాగింది. సమీక్షా సమావేశం పెట్టి ఫోన్ల కంపెనీ ఇంజినీరుని పిలిపించారు.

"ప్రాసెసర్ చాలా ఫాస్టు సార్. పరిగెత్తేదానికి ఒళ్ళు కాలుద్ది గదా," అన్నాడు ఇంజినీరు.

"అయితే వేగం తగ్గించండి," అన్నారు కమిషనర్ గారు.

"తగ్గిస్తే ఇంత డిస్‌ప్లేని లాగలేదు సార్."

"డిస్‌ప్లే తగ్గించండి."

"అంటే రిజల్యూషన్ తగ్గించాల సార్."

గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. "కౌన్సిల్ ఏకగ్రీవంగా చేసిన రిజల్యూషన్‌ని తగ్గించే అధికారం నాకు లేదు. మీకు అసలు లేదు. ప్రజాస్వామ్యం గురించి తెలుసుకుని మాట్లాడండి," అన్నారు కమిషనర్ గారు. ఇంజినీరు సరేనన్నాడు. కమిషనర్ గారు మిగతావాళ్ళ వైపు తిరిగారు. "వేగం తగ్గదు, డిస్‌ప్లే తగ్గదు, ఎండ తగ్గదు. ఇట్టి పరిస్థితులయందు ఈ ఫోన్లకు ఏమైనట్టు? ఎవరైనా ఒక్క మాటలో చెప్పగలరా?"

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. త్రికోటేశ్వరరావు పళ్ళు బిగించాడు. మేనేజరు కుర్చీని తలచుకున్నాడు. వాళ్ళావిడని తలచుకున్నాడు. చలివేంద్రానికి పోదామంటే తలుపు దగ్గర కమిషనర్ గారే కూర్చున్నారు.

"వడదెబ్బ తగిలింది సార్," అన్నాడు.

ఇద్దరు గుమాస్తాలు ఫైళ్ళు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కమిషనర్ గారు నవ్వలేదు. ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "మళ్ళీ చెప్పండి," అన్నారు. త్రికోటేశ్వరరావు చచ్చానురా దేవుడా అనుకుంటూ మళ్ళీ చెప్పాడు.

"అదీ," అన్నారు కమిషనర్ గారు. "ఇన్నాళ్ళుగా ఈ సమస్యకు పేరు లేదు. పేరు లేని సమస్యకు పథకం ఉండదు. వడదెబ్బకు పథకం ఉంది. వేసవి కార్యాచరణ ప్రణాళిక తీయండి."

తీశారు. 'ఎండకు గురై స్పృహ తప్పినవారిని తక్షణమే నీడకు చేర్చి ఉపశమనం కలిగించవలెను' అని ఉంది. మనిషి అని ఎక్కడా లేదు. ఒక గుమాస్తాకి మాత్రం సందేహం వచ్చింది. "'వారిని' అనుంది సార్. ఫోన్లని 'వాటిని' అంటాంగదా."

"ప్రభుత్వ ఆస్తి. గౌరవంగానే సంబోధించాలి," అన్నారు కమిషనర్ గారు. మినిట్స్‌లో రాయించారు.

ఆ పూటనుంచి ఆఫీసులో ఫోన్లు 'వారు' అయిపోయాయి. "మూడో వార్డు ఫోను పడుకున్నారు సార్." "మార్కెట్ సెంటర్ ఫోనుకి ఇప్పుడే మెలకువొచ్చింది, కాస్త నీరసంగా ఉన్నారు." మొదట్లో నవ్వు ఆపుకుంటూ అన్నవాళ్ళు వారం తిరిగేసరికి మామూలుగానే అనసాగారు. అలవాటైతే ఏదైనా అంతే.

మార్గదర్శకాలు వచ్చాయి. ఎండలోకి ఫోన్లు వెళ్ళునప్పుడు విధిగా గొడుగు పట్టవలెను. వడదెబ్బ తగిలినవారిని దగ్గరలోని చలివేంద్రమునకు తరలించవలెను. ఊడ్చే ఆడవాళ్ళకి గొడుగులిచ్చారు. చీపురు చంకలో పెట్టుకుని, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో దానిమీద గొడుగు పట్టుకుని, తలమీద ఎండ మోసుకుంటూ వాళ్ళు బజారంట నడుస్తుంటే ఏదో దేవుడి ఊరేగింపనుకుని ఇద్దరు ముసలమ్మలు దణ్ణం పెట్టారు.

ఆ మధ్యాహ్నం త్రికోటేశ్వరరావు చలివేంద్రానికి పోయేసరికి కుండల కింద తడి ఇసుకలో, తడిగుడ్డలు చుట్టుకుని, ఫోన్లు వరసగా పడుకునున్నాయి. పందిరి నిండా అవే. మీరాబీ చెంబుతో ఇసుక తడుపుతోంది.

"నీళ్ళు పొయ్యి మీరాబీ," అన్నాడు.

"యాడియ్యి సారూ. ఆ కుండల్లో నీళ్ళన్నీ వీళ్ళకేనంట. ఇసక ఆరితే నా ఉద్యోగం ఆరిద్దంట. మనుషులకి పోయొద్దని బోర్డు కూడా పెట్టిపోయారు, చూడు." తలెత్తి చూస్తే నిజంగానే ఉంది. 'ఈ నీరు వడదెబ్బ తగిలినవారి నిమిత్తం మాత్రమే.' "పొద్దుట్నించీ బస్సు దిగినోళ్ళు గ్లాసు పట్టుకుని నిలబడతన్నారు. లేదని చెప్పటానికి నోరు రావట్లా. నీళ్ళు లేవన్న మాట నా నోట ఎప్పుడన్నా వినబడిందా? ఇంతకీ ఫోనుకి వడదెబ్బేంది సారూ, ఎవడన్నాడా మాట?"

త్రికోటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. ఎండలో నడిచి ఆఫీసుకి వచ్చేశాడు. సిగ్గేసింది. తన నోటి దూల సంగతి తనకి తెలుసుగానీ, అది ఊరందరి గొంతు ఎండగడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగు రోజులకి మార్కెట్ సెంటర్‌లో యేసుమణి పడిపోయింది. ఊడ్చేవాళ్ళలో పాతమనిషి. ఫోను మీద గొడుగు వాలకుండా పట్టుకునే పడింది. ఇద్దరు మనుషులు ఆమెని అరుగు మీదికి చేర్చి, సోడా కొట్టించి తాగించారు. వడదెబ్బ కేసు నమోదు చేద్దామని సూపర్‌వైజరు ఆఫీసు వెబ్‌సైటు తెరిస్తే, మొదటి గడిలోనే ఫోను నంబరు అడిగింది. మాట్లాడే నంబరు కాదు, ప్రతి ఫోనుకీ కంపెనీ వేసే పదిహేనంకెల నంబరు. అది కొడితేగాని రెండో గడి తెరుచుకోదు. యేసుమణికి అలాంటి నంబరు లేదు. కాబట్టి ఆమెకి వడదెబ్బ తగల్లేదు. పని మధ్యలో వెళ్ళిపోయినందుకు ఆ పూట గైరుహాజరు వేశారు.

త్రికోటేశ్వరరావు ఇక ఆగలేకపోయాడు. కమిషనర్ గారి గదిలోకి పోయి నిలబడ్డాడు.

"సార్, ఆ రోజు నేను హాస్యానికన్నాను. ఫోన్లకి వడదెబ్బేంది సార్. మనుషులు పడిపోతన్నారు. ఆ కుండలు మనుషులకి వదిలేద్దాం."

కమిషనర్ గారు ఒక కాగితం ఆయన ముందుకి జరిపారు. పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రశంస. బండలదిన్నె విధానాన్ని అన్ని పట్టణాల్లో యుద్ధప్రాతిపదికన అమలు చేయమని ఉంది. మనుషుల్లో వడదెబ్బ కేసులు సున్నాకి తెచ్చినందుకు ప్రత్యేక అభినందనలు కూడా ఉన్నాయి.

"ప్రభుత్వ విధానం హాస్యమంటారా? అంటే చెప్పండి, రాసుకుంటాను," అన్నారు. త్రికోటేశ్వరరావు ఫైలు బల్లమీద ఆ చివరే ఉంది. ఆయన దానిమీద మెల్లగా చెయ్యి వేశారు.

జీవితంలో మొదటిసారి త్రికోటేశ్వరరావు నోరు మూసుకున్నాడు. మూసుకోవాల్సిన రోజున తెరిచి, తెరవాల్సిన రోజున మూశానే అని బయటికొచ్చి తన్ను తానే తిట్టుకున్నాడు. ఆ కోపంలో గొడుగు మరిచిపోయి, తల మీద కనీసం రుమాలన్నా లేకుండా బస్టాండు వైపు నడిచాడు. ఆఫీసు నీళ్ళు గొంతు దిగలేదు ఆయనకి. మీరాబీకి నిజం చెప్పేద్దాం, తిడితే తిట్టించుకుందాం అనుకున్నాడు.

పందిరి కనపడింది. కుండలు కనపడ్డాయి. "మీరాబీ, ఆ మాటన్నది..." అనేంతలో నేల గిర్రున తిరిగింది. బోర్డు కిందే పడ్డాడు.

మీరాబీ రెండుసార్లు ఆలోచించలేదు. రెండు చేతులా ఫోన్లని ఎత్తి పందిరి బయట కుమ్మరించి, ఆ తడి ఇసుక మీద ఆయన్ని పడుకోబెట్టింది. ఒక కుండ నెత్తిన పోసింది. ఇంకో కుండలోవి గుటక గుటకగా తాగించింది. ఆయన కళ్ళు తెరిచేసరికి చుట్టూ బస్సు దిగినవాళ్ళంతా చేరున్నారు. కుండలు ఎలాగూ తెరిచే ఉన్నాయని వాళ్ళూ తలా ఒక గ్లాసు ముంచుకుని తాగుతున్నారు. బయట, నాపరాళ్ళ మీద, ఫోన్లు ఒక్కొక్కటే పొట్టలుబ్బి పగులుతున్నాయి. వాటిలో కమిషనర్ గారి ఫోను కూడా ఉంది.

మర్నాడు మీరాబీని పనిలోంచి ఆపేశారు. 'సంరక్షణలో ఉన్నవారిని ఎండపాలు చేసి వారి మరణమునకు కారణమైనందున' ఎందుకు తొలగించకూడదో చెప్పమన్నారు. ఆమెకి చదువు రాదు. ఆఫీసు తరఫున అక్కడున్నది త్రికోటేశ్వరరావు ఒక్కడే కాబట్టి ఆయన్ని వాంగ్మూలం రాసిమ్మన్నారు.

మీరాబీ ఆఫీసు మెట్ల మీద కూర్చునుంది. ఆయన్ని చూసి, "నువ్వు బతికావు, అది చాల్లే సారూ. నాకోసం నీ కుర్చీ పోగొట్టుకోబాక," అంది.

"నా కుర్చీ సంగతి నాకొదిలేయి. ఆ మాటన్న వెధవ ఎవడో తెలుసా? నేనే," అన్నాడు.

"నాకు తెలుసులే. ఇంత వంకర మాట ఈ ఊళ్ళో ఇంకెవరంటారు," అంది.

ఆయన లోపలికిపోయి కూర్చుని రాశాడు. ఎన్నాళ్ళుగానో కట్టేసుకున్న నోరంతా కలంలోంచి దిగింది:

"బస్టాండు చలివేంద్రం వద్ద స్పృహ తప్పి పడిపోయినవారు ప్రభుత్వ ఆస్తియే. సదరు ఆస్తి చాలా ఏళ్ళ క్రితం కారుణ్య నియామకం ద్వారా సేకరించబడినది. పాత మోడలు. ప్రాసెసర్ నెమ్మది, భోజనానంతరం మరింత నెమ్మది. డిస్‌ప్లే మసకబారగా కళ్ళద్దాల ద్వారా రిజల్యూషన్ పెంచడమైనది. స్పీకరు అవసరమునకు మించి పనిచేయుచున్నది. ఇట్టి పరికరమునకు వడదెబ్బ తగలగా, నిర్వాహకురాలు మీరాబీ మార్గదర్శకముల ప్రకారమే తక్షణం నీడకు చేర్చి, ఉపశమనం కలిగించినది. పరికరం తిరిగి పనిచేయుచున్నది. ఈ వాంగ్మూలమే నిదర్శనం."

వెబ్‌సైటులో కూడా నమోదు చేశాడు. పదిహేనంకెల్లో పన్నెండింటికి ఆధార్ నంబరు సరిపోయింది. మిగతా మూడింటికి సున్నాలు కొట్టాడు. రెండో గడి తలుపులా తెరుచుకుంది.

కమిషనర్ గారు అది రెండుసార్లు చదివారు. ఒప్పుకోకపోతే, పడిపోయింది మనిషని రాయాలి. మనిషని రాస్తే సున్నా పోతుంది, అభినందన పోతుంది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "అంటే, మన దగ్గర ఇంకొక పరికరం ఉన్నారన్నమాట," అన్నారు. సంతకం పెట్టారు. మీరాబీ మళ్ళీ పందిరి కిందికి వచ్చింది.

ఊళ్ళో ఈ వార్త గుప్పుమంది. మర్నాటికల్లా చలివేంద్రం ముందు ఆధార్ కార్డులతో వరస. ఆఫీసు నుంచి ఒక గుమాస్తా కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. పేరు, మోడలు, నంబరు కొట్టి, మణికట్టుకి చీటీ కట్టి పంపుతున్నాడు. చీటీ ఉన్నవాళ్ళకి మీరాబీ నీళ్ళు పోస్తోంది. చీటీ లేనివాళ్ళకి కూడా పోస్తోందిగానీ, ఆ సంగతి గుమాస్తా చూడటం లేదు.

"తర్వాతి వారు రండి," అన్నాడు గుమాస్తా.

ఎవరూ కదల్లేదు. వరసలో ముందున్న యేసుమణి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో పెద్దమనుషులొచ్చారేమోనని తప్పుకుని దారిచ్చింది.

"మిమ్మల్నేనమ్మా. వారు అంటే మీరే," అన్నాడు గుమాస్తా.

పుట్టి బుద్ధెరిగాక ఆఫీసువాళ్ళెవరూ ఆమెని ఏమే, ఇట్రావే అనడం తప్ప ఇంకోలా పిలవలేదు. యేసుమణి కొంగు సరిచేసుకుని, కాస్త బెదురుగా ముందుకొచ్చి, చెయ్యి చాపి చీటీ కట్టించుకుంది. మీరాబీ పోసిన నీళ్ళు నిలబడి తాగకుండా బల్లమీద కూర్చుని తాగింది. పక్కనే నిలబడ్డ త్రికోటేశ్వరరావుకి కళ్ళు చెమర్చాయి. ఎండకనుకుని తుడుచుకున్నాడు.

తొలకరి పడేనాటికి బండలదిన్నె రాష్ట్రంలోకెల్లా ఎక్కువ పరికరాలున్న పట్టణమైంది. ఊరంతా నమోదైపోయింది. సన్మానం జరిగింది. త్రికోటేశ్వరరావు మేనేజరు కూడా అయ్యాడు. పనిచేస్తున్న పరికరాన్ని మూలన పెట్టకూడదని నిబంధన ఉందట.

ఒక మధ్యాహ్నం కమిషనర్ గారు సిబ్బందినంతా పిలిచి కొత్త ఉత్తర్వు చదివారు: "నమోదైన పరికరములలో పాత మోడళ్ళు అధికముగా ఉన్నట్టు గమనించడమైనది. వీరిలో కాలము చెల్లినవారిని ఏ విధముగా తొలగించెదరో తక్షణమే తెలుపవలెను."

చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, నేరుగా త్రికోటేశ్వరరావు వైపు చూశారు. "మీరేమంటారు? ఒక్క మాటలో చెప్పండి."

గుమాస్తాలు అప్పుడే ఫైళ్ళు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. కలాలు సిద్ధంగా ఉన్నాయి. 'టైమొస్తే ఆ పైవాడే స్విచాఫ్ చేస్తాడు సార్' అన్న మాట త్రికోటేశ్వరరావు నాలిక చివరిదాకా వచ్చేసింది. 'పైవాడు' అంటే ఈ ఆఫీసులో ఎవరనుకుంటారో ఆయనకి చప్పున గుర్తొచ్చింది.

"దాహంగా ఉంది సార్," అని లేచి, వానలోనే బస్టాండుకి నడిచాడు. మీరాబీ కుండలు బోర్లించి పందిరి విప్పించే పనిలో ఉంది. ఒక కుండ మళ్ళీ నిలబెట్టి, అడుగున మిగిలిన నీళ్ళు రెండు గ్లాసులు పోసి, "ఇయ్యాళేం అనబోయావు సారూ?" అని అడిగింది.

"ఏంలేదు," అని ఆయన రెండు గ్లాసులూ తాగేశాడు.